సగం కోసిన ఇగ్లూ

డాక్యుమెంటరీ సినిమాకు తండ్రి అని పాఠ్యపుస్తకాలు చెప్పే రాబర్ట్ ఫ్లాహర్టీ మా మిషిగన్ వాడే. 1884లో, రాష్ట్రపు ఉత్తర ద్వీపకల్పంలో ఉన్న ఐరన్ మౌంటెన్‌లో పుట్టాడు. పేరులోనే ఉంది, ఇనుప గనుల ఊరు. నోవై నుంచి పొద్దున్నే కారులో బయల్దేరితే మాకినా వంతెన దాటి సాయంత్రానికి చేరతాం. కార్ల కంపెనీల ఉద్యోగాల కోసం వచ్చి నోవై చుట్టుపక్కల స్థిరపడిన మన తెలుగువాళ్లు ఆకుల రంగులు చూడ్డానికి ఏటా అటువైపు వెళ్తూనే ఉంటారు. ఆ ఊళ్లో పుట్టినవాడు ప్రపంచ సినిమాకు తగిలించిన తగువు గురించి మాత్రం మన కబుర్లలో ఎప్పుడూ రాదు. తగువు వందేళ్ల నాటిది, ఇంకా తేలలేదు. ఎక్కడో మారుమూల ఉన్న జనం బతుకును ఉన్నదున్నట్టు చూపిస్తున్నామంటూ, వాళ్ల చేత నటింపజేసి తీసిన సినిమాను ఏమనాలి?

1922 జూన్‌లో న్యూయార్క్ క్యాపిటల్ థియేటర్లో విడుదలైన ఫ్లాహర్టీ సినిమా, కెనడా ఉత్తరాన ఒక ఇన్యూట్ వేటగాడి కుటుంబాన్ని చూపే ‘నానూక్ ఆఫ్ ది నార్త్’ మీద వచ్చిన ఆరోపణలు సినిమా చదువుకునే పిల్లలకు ఇవాళ కంఠతా వచ్చు. నానూక్ అనే పేరే పెట్టిన పేరు, అతని అసలు పేరు అల్లాకారియల్లాక్. తెరమీద భార్యగా కనిపించినావిడ అతని భార్య కాదు. అప్పటికే తుపాకులతో వేటాడుతున్నవాళ్ల చేతికి ఈటెలిచ్చారు. మంచురంధ్రంలోంచి సీలును లాగే దృశ్యంలో తాడుకు అవతలి కొస పట్టుకుని గుంజింది మనుషులు. గ్రామఫోను రికార్డును పళ్లతో కొరికి చూడటం ముందుగా అనుకుని చేసిన హాస్యం.

ఇవన్నీ నిజాలే. అయితే ఈ చిట్టా విని ‘అంతా బూటకం’ అని తేల్చేసేవాళ్లూ, ‘కళ కదా, పోనిద్దురూ’ అని సర్దేసేవాళ్లూ ఒకే చోట ఆగిపోతున్నారనిపిస్తుంది నాకు. ఏమేం కల్పించారన్నదే ఇద్దరి లెక్కా. తెరమీద నుంచి ఏమేం తప్పించారు, ఎవరు తప్పించారు, కెమెరా పెట్టె సర్దుకుని వెళ్లిపోయాక ఆ మనుషులకు ఏమైంది అన్నవి అడిగితే ఈ సినిమాలు వేరే వరసలో నిలబడతాయి. కొన్ని నేరాలు తేలికవుతాయి, కొన్ని బరువెక్కుతాయి.

ఈ పని మొదలుపెట్టింది ఫ్లాహర్టీ కాదు. సినిమా పుడుతూనే పుట్టిన అలవాటిది. 1894లో ఎడిసన్ కంపెనీ న్యూజెర్సీలోని తన స్టూడియోలో ‘సూ ఘోస్ట్ డాన్స్’ అని కొన్ని క్షణాల బొమ్మ తీసింది. ఆడినవాళ్లు బఫెలో బిల్ సర్కస్ లాంటి ప్రదర్శనలో జీతానికి పనిచేస్తున్న సూ తెగ మనుషులు. అది నిజంగా ఘోస్ట్ డాన్సేనా అని పరిశోధకులకు అనుమానం. దానికి నాలుగేళ్ల ముందు, 1890 డిసెంబరులో, ఆ నృత్యం వల్ల తిరుగుబాటు వస్తుందన్న భయంతోనే అమెరికా సైన్యం వెంటపడి వూండెడ్ నీ దగ్గర ఆడవాళ్లనీ పిల్లలనీ కూడా కాల్చి చంపింది. నాలుగేళ్లలో భయం కాస్తా వినోదమైంది. 1898లో కేంబ్రిడ్జ్ నుంచి టోరెస్ జలసంధి దీవులకు పోయిన మానవశాస్త్రవేత్త హ్యాడన్ బృందం కెమెరా తీసుకెళ్లింది. అక్కడి పాత దీక్షా క్రతువు మిషనరీల రాకతో ఆగిపోయి ఉంది. హ్యాడన్ అడిగితే దీవివాళ్లు అట్టలతో ముఖాలు చేసుకుని దాన్ని మళ్లీ ఆడి చూపించారు. శాస్త్రం పేరుతో కదిలే బొమ్మలు తీసిన తొలి యాత్రల్లో ఇదొకటి, దానికీ అట్టముఖాలే దిక్కయ్యాయి.

మా మిషిగన్‌లోనే, పెటోస్కీ దగ్గర ఒక సరస్సు ఒడ్డున, ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్లలో రైల్వే కంపెనీ వేసవి యాత్రికుల కోసం లాంగ్‌ఫెలో ‘హయవాతా’ కావ్యాన్ని అక్కడి ఆదివాసుల చేత నాటకంగా ఆడించేది. తెల్లకవి రాసిన ఆదివాసి కథను ఆదివాసులే తెల్లవాళ్ల ముందు ఆడటం. టిక్కెట్టు రైలుది, అడవి నాటకానిది.

ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ కర్టిస్ దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. 1910లో ఆయన పీగన్ తెగవాళ్ల గుడారం లోపలి ఫొటో తీశాడు. ఇద్దరు పెద్దమనుషులు కూర్చుని ఉన్నారు, మధ్యలో చిలుంగొట్టం, కొన్ని పూజా వస్తువులు. అసలు నెగెటివ్‌లో ఆ ఇద్దరి మధ్య ఒక గడియారం కూడా ఉంది. అచ్చయిన బొమ్మలో గడియారం లేదు, చెరిపేశారు. అక్కడ ఎవరికీ వేషం కట్టలేదు, ఎవరి చేతా ఏమీ ఆడించలేదు. ఒక్క వస్తువు తీసేశారు, అంతే. నా దృష్టిలో, తర్వాత వచ్చిన సినిమాల్లోని ఎన్నో వేషాల కన్నా ఆ చెరుపుడే పెద్ద అబద్ధం. ఆ ఇద్దరూ కర్టిస్ బతుకుతున్న కాలంలో బతకడం లేదని చెప్పింది ఆ ఖాళీ జాగాయే.

అదే కర్టిస్ 1914లో కెనడా పశ్చిమ తీరంలో క్వాక్వకవాక్వ జనంతో ‘ఇన్ ద ల్యాండ్ ఆఫ్ ద హెడ్ హంటర్స్’ తీశాడు. దాన్ని డాక్యుమెంటరీ అనడానికి లేదు, యుద్ధం, ప్రేమ, మంత్రగాడు అన్నీ ఉన్న కథ. మగవాళ్లు జుట్టు కత్తిరించుకుని తిరుగుతున్న రోజులు గనుక విగ్గులు పెట్టించాడు. తిమింగలాన్ని అద్దెకు తెచ్చాడు. నకిలీలను వేలెత్తి చూపేవాళ్లకు ఇది పండగే. కానీ 1885 నుంచి 1951 దాకా ఆ జనం పాట్‌లాచ్ వేడుక జరుపుకోవడం కెనడా చట్టం ప్రకారం నేరం. చేసినవాళ్లను జైల్లో పెట్టారు, ముసుగులు లాక్కున్నారు. అలాంటి రోజుల్లో, సినిమా కోసమే కదా అని చెప్పి తమ నాట్యాలను బహిరంగంగా, పైగా డబ్బు తీసుకుని ఆడే వీలు దొరికింది వాళ్లకు. 2008లో ఆ చిత్రాన్ని బాగుచేసి మళ్లీ వేసినప్పుడు ఆనాటి నటుల వారసులు ప్రదర్శనలతో పాటు వేదిక ఎక్కి ఆడారు. కర్టిస్ ఏమనుకుని తీశాడో అది ఆయన లెక్క. ఆడినవాళ్లకు తమ లెక్క తమకుంది.

మళ్లీ నానూక్ దగ్గరకు. ఫ్లాహర్టీ తండ్రి గనుల ఇంజనీరు, కొడుకూ అదే దారి పట్టాడు. 1910 నుంచి కెనడా రైల్వే కోటీశ్వరుడు విలియం మెకంజీ పంపగా హడ్సన్ అఖాతం చుట్టూ ఇనుప ఖనిజం వెతుక్కుంటూ తిరిగాడు. దారిలో పనికొస్తుందని 1913లో ఒక కెమెరా కొని, రాచెస్టర్‌లో మూడు వారాలు పాఠం నేర్చుకుని తీసుకెళ్లాడు. ఆ యాత్రల్లో తీసిన సినిమా 1916లో టొరంటోలో తన సిగరెట్టు నిప్పు పడి తగలబడింది, ముప్ఫై వేల అడుగుల నెగెటివ్ బూడిదైంది. మిగిలిన ఒక్క ప్రింటు వేసి చూసుకుంటే తనకే నచ్చలేదు. ఇక్కడో దృశ్యం, అక్కడో దృశ్యం, చూసినవాడికి ఏ మనిషీ గుర్తుండడు. ఎక్కువ కల్పించకుండా తీసిన సినిమా అదే, నీరసంగా తేలిందీ అదే. నానూక్ కథ పుట్టింది ఈ నిరుత్సాహంలోంచే. ఊరందరినీ కాదు, ఒక కుటుంబాన్ని చూపించాలి.

ఈసారి డబ్బు పెట్టింది రెవియాన్ ఫ్రేర్ అనే ఫ్రెంచి బొచ్చుతోళ్ల వ్యాపార సంస్థ. 1920 ఆగస్టులో క్యుబెక్ ఉత్తరాన ఇనుక్‌జువాక్‌లో, అప్పట్లో పోర్ట్ హారిసన్ అనేవారు, ఆ సంస్థ దుకాణం పక్కన దిగాడు. తెచ్చుకున్నవి రెండు అకేలీ కెమెరాలు. చమురు బదులు గ్రాఫైటు పొడితో నడుస్తాయి గనుక చలికి బిగుసుకుపోవు. ఆ కెమెరాను తయారుచేసిన కార్ల్ అకేలీ అసలు వృత్తి చచ్చిన జంతువుల చర్మాన్ని బొమ్మలకు తొడిగి బతికున్నట్టు నిలబెట్టడం, న్యూయార్క్ మ్యూజియంలోని ఏనుగులు ఆయన చేతివే. ఫ్లాహర్టీ ఇన్యూట్లకు చేసింది కూడా ఇదే పని అని విమర్శకులు తర్వాత అన్నారు. చురక బాగుంది, కానీ ఒక ముఖ్యమైన సంగతిని మింగేస్తుంది. మ్యూజియం ఏనుగు కెమెరా మోయదు.

ఇనుక్‌జువాక్‌లో మోసిందీ, కడిగిందీ, ఎండబెట్టిందీ ఇన్యూట్లే. ఫిల్ము కడగడానికి నీళ్లు కావాలంటే మనిషి లోతు మంచుకు కన్నం వేసి, చలికాలమంతా అది పూడిపోకుండా చూసి, పీపాలతో తేవాలి. వాళ్ల దుస్తుల మీది దుప్పి వెంట్రుకలు నీళ్లలో రాలేవి, అవి ఫిల్ముకు అంటుకుంటాయేమోనని ఫ్లాహర్టీకి ఒకటే దిగులు. తీసినదాన్ని వాళ్లకే వేసి చూపించేవాడు, తర్వాత ఏం తియ్యాలో కలిసి మాట్లాడుకునేవారు. ఇంత తెలిసినవాళ్లు గ్రామఫోను రికార్డు ఏమిటో తెలియక కొరికారా? అందుకే ఆ దృశ్యం చూసినప్పుడల్లా నవ్వు రాదు నాకు. కెమెరాకు ఇటువైపు ఉన్న పనివాణ్ని అటువైపు అమాయకుణ్ని చేశారు.

ఇగ్లూ సంగతి వేరు. మామూలు ఇగ్లూ లోపల కెమెరా పెట్టి తీయడానికి చోటు చాలదు. పాతిక అడుగుల వెడల్పుతో కట్టమన్నాడు. వాళ్లు కట్టారు, పైకప్పు కూలింది. మళ్లీ కట్టారు, మళ్లీ కూలింది, కూలినప్పుడల్లా అందరూ పకపకా నవ్వుకున్నారు. చివరికి నిలబడింది గానీ లోపల చీకటి. మంచుపలకల కిటికీలు పెట్టినా ఆనాటి ఫిల్ముకు ఆ వెలుతురు చాలలేదు. దాంతో కెమెరా వైపు సగం కప్పును కోసేశారు. ‘నానూక్ కుటుంబం’ ఆరుబయటి చలి నేరుగా కొడుతుంటే బొచ్చు దుప్పట్లలో దూరి పడుకుంది, లేచింది. నోట్లోంచి ఆవిర్లు వస్తుంటే చూసి ఇగ్లూ లోపల ఎంత చలో అనుకుంటాం. నిజమైన ఇగ్లూలో అంత చలి ఉండదు. ఈ కల్పనను నేను తప్పుపట్టను. వెలుతురు లేనిదే సినిమా లేదు, పడుకున్నవాళ్లకు ఎందుకు పడుకుంటున్నారో తెలుసు.

వాల్రస్ వేటకు వచ్చేసరికి నా తక్కెడ నేరం వైపు మొగ్గుతుంది. ఈటె తగిలిన వాల్రస్ మనుషుల్ని సముద్రంలోకి ఈడుస్తుంటే, తుపాకీతో కాల్చమని ఫ్లాహర్టీని కేకేశారనీ, ఆయన వినపడనట్టు కెమెరా తిప్పుతూనే ఉన్నాడనీ చెబుతారు. తుపాకీ అక్కడ ఉంది, చట్రంలో లేదు. ఎలుగుబంటి వేట కోసం వారాల తరబడి కుక్కల బండి మీద తిరిగి, తిండి లేక చావు దాకా వెళ్లివచ్చారు. ఒక్క ఎలుగూ దొరకలేదు, ఆ ప్రయాణం తెరకెక్కలేదు. ఆకలితో అల్లాడింది నిజం, కానీ వేటాడే వీరుడి కథలో దానికి చోటు లేకపోయింది.

తెల్లవాళ్లు పాడుచేయకముందు ఆ జనం ఎంత గొప్పగా ఉండేవారో చూపాలన్నదే తన కోరిక అని ఫ్లాహర్టీ చెప్పుకున్నాడు. పాడుచేసేవాళ్ల జాబితాలో ఇనుము వెతికిన తనూ, బొచ్చుతోళ్లు కొన్న కంపెనీ కూడా ఉన్నారని ఆయన లెక్కలోకి రాలేదు. సినిమా బాగా ఆడింది. బెర్లిన్‌లో నానూక్ పేరుతో ఐస్‌క్రీం అమ్మారు. సినిమా విడుదలైన రెండేళ్లలోపే అల్లాకారియల్లాక్ చనిపోయాడు. వేటకు వెళ్లి ఆకలితో చనిపోయాడని ఫ్లాహర్టీ చెబుతూ వచ్చాడు, క్షయతో పోయి ఉంటాడని తర్వాతి పరిశోధకులు అంటారు. ఆకలి చావు కథకు నప్పింది. క్షయకు బయటి ప్రపంచంతో లంకె ఉంది.

అసలు బరువైనది ఇంకోటి ఉంది. 1921లో ఫ్లాహర్టీ వెళ్లిపోయాక, సినిమాలో నటించిన ఒకావిడకు ఆయన వల్ల కొడుకు పుట్టాడు. పేరు జోసెఫీ. ఫ్లాహర్టీ 1951లో పోయేదాకా ఆ బిడ్డను తన కొడుకని ఒప్పుకోలేదు. 1953లో కెనడా ప్రభుత్వం ఇనుక్‌జువాక్ కుటుంబాలను కొన్నింటిని వెయ్యి మైళ్లకు పైగా ఉత్తరాన, నెలల పాటు సూర్యుడు కనబడని దీవులకు తరలించింది. వేట పుష్కలం, రెండేళ్లలో వెనక్కి రావచ్చు అన్నారు. రెండూ నిజం కాలేదు. 1955లో జోసెఫీ కుటుంబం కూడా ఆ ఓడ ఎక్కింది. ఉత్తర ధ్రువం దగ్గర తమ జెండా కింద మనుషులున్నారని చూపించుకోవడమే అసలు ఉద్దేశమని తరలి వెళ్లినవాళ్లు అంటూ వచ్చారు. 2010లో ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. ఇన్యూట్లను మంచులో వదిలేస్తే చాలు, ఈటె పట్టుకుని వాళ్లే బతికేస్తారన్న ఊహకు ఆ సినిమా కొంత కారణమన్న వాదన ఉంది. నిరూపించలేం గానీ కొట్టిపారేయడం నా వల్ల కాదు. తుపాకీ, దుకాణం, అప్పు లేని ఇన్యూట్‌ను చూసిన అధికారికి అవి లేకుండా బతకగలరని అనిపించడంలో వింతేముంది?

ఫ్లాహర్టీ తర్వాతి సినిమాలను తొందరగా దాటేయొచ్చు. ‘మోఆనా’ (1926) సమోవాలో తీశాడు. మిషన్ బట్టలు కట్టుకుంటున్నవాళ్ల చేత పాత నారబట్ట కట్టించి, ఒక కుర్రాడికి నిజంగానే నడుం నుంచి మోకాళ్ల దాకా పచ్చబొట్టు పొడిపించాడు. నొప్పి నటన కాదు. ‘మ్యాన్ ఆఫ్ ఆరన్’ (1934) కోసం ఐర్లండ్ దీవివాళ్లకు, వాళ్ల తాతల కాలంలోనే వదిలేసిన షార్క్ వేటను కొత్తగా నేర్పించాల్సి వచ్చింది. తుపానులో చిన్న పడవల్లో పంపిన సంగతి తలచుకుని తర్వాత ఆయనే నొచ్చుకున్నాడు. భూస్వాములు, ఖాళీ చేయించడాలు ఏవీ అని ఆ రోజుల్లోనే అడిగినవాళ్లున్నారు. ఫ్లాహర్టీది కాదు గానీ, స్పెయిన్ బీదల మీద దర్శకుడు బున్యుయేల్ 1933లో తీసిన ‘లాస్ హుర్దేస్’లో మేక కొండ మీద నుంచి పడే దృశ్యముంది, చట్రం అంచున తుపాకీ పొగ కనబడుతుంది. క్రూరమే. కాకపోతే పొగను దాచలేదు.

ఇదంతా దూరపు గోల అనుకోనక్కర్లేదు. ‘ఎలిఫెంట్ బాయ్’ (1937) తీయడానికి ఫ్లాహర్టీ మైసూరు వచ్చాడు, మహారాజా ఏనుగుశాలలో దొరికిన సాబూ అనే కుర్రాడు ఆ తర్వాత హాలీవుడ్ నటుడయ్యాడు. మనకు ఇంకా దగ్గరది బస్తర్ కథ. ఆస్కార్ అందుకున్న స్వీడన్ దర్శకుడు ఆర్నే సుక్స్‌డార్ఫ్ నారాయణపూర్ పక్కన గఢ్‌బెంగాల్‌లో మురియా గోండులతో తీసిన ‘ద ఫ్లూట్ అండ్ ది యారో’ 1957లో వచ్చింది. రంగుల్లో, వెడల్పు తెర మీద, రవిశంకర్ సంగీతంతో. చిరుత పీడ పడిన ఊరు, వేటగాడు, జంతువులతో చెలిమి చేసే పిల్లవాడు. ఆ పిల్లవాడు చెంద్రు. పులిపిల్లతో అతని ఫొటోలు దేశదేశాలు తిరిగాయి, అతనూ స్వీడన్ వెళ్లి వచ్చాడు. వచ్చి, మిగతా జీవితమంతా అదే ఊళ్లో పేదరికంలో గడిపాడు. అప్పుడప్పుడు ఏ విలేకరో వచ్చి ‘పులి కుర్రాడు’ ఏడీ అని అడిగిపోయేవాడు. 2013లో జగదల్‌పూర్ ఆసుపత్రిలో చనిపోయాక మాత్రం రాయ్‌పూర్ జంగిల్ సఫారీలో పులితో సహా విగ్రహం పెట్టారు. అదే అడవుల మురియాలు తర్వాత గోదావరి దాటి తెలంగాణకు వలస వస్తే వాళ్లను గుత్తికోయలన్నారు. పోడు గొడవల్లో పత్రికలకెక్కే ఆ మనుషుల్లో చెంద్రు బంధువులను చూడటం మనకు అలవాటు లేదు.

దీనికి ఎదురుగా నిలబెట్టదగినవాడు మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్. ఆస్ట్రియావాడు, రెండో ప్రపంచ యుద్ధం వల్ల హైదరాబాద్ సంస్థానంలో చిక్కుపడి అమ్రాబాద్ చెంచుల మధ్య, గోదావరి కొండరెడ్ల మధ్య, ఆదిలాబాద్ గోండుల మధ్య పనిచేశాడు. ఆయన ఫొటోలు చూసినవాళ్లకు గుర్తుండేది విల్లు పట్టిన చెంచే. కానీ 1945లో అచ్చయిన ‘ట్రైబల్ హైదరాబాద్’ నివేదికల్లో అటవీ శాఖ ఉంది, వడ్డీ వ్యాపారి ఉన్నాడు, పోయిన భూములున్నాయి. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం హతుడయ్యాక గోండుల గోడు వినక తప్పని రోజులవి. మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం పెట్టించాడు. దశాబ్దాల తర్వాత తిరిగొచ్చి, ఏమేం చెడిందో 1982లో మళ్లీ రాశాడు. ఆయన సమాధీ, భార్య సమాధీ మార్లవాయిలోనే ఉన్నాయి. ఆయనవీ బయటివాడి కళ్లే, నిజాం ప్రభుత్వపు జీతమే. ఫ్లాహర్టీకీ ఈయనకూ తేడా నిజాయితీలో కన్నా తిరిగి రావడంలో ఉందనుకుంటాను.

నోవైకి అరగంట దూరంలో, డియర్‌బోర్న్‌లో హెన్రీ ఫోర్డ్ కట్టించిన గ్రీన్‌ఫీల్డ్ విలేజ్ ఉంది. పిల్లలున్న తెలుగు కుటుంబాలన్నీ ఏదో ఒక వేసవిలో చూసే ఉంటాయి. 1914లోనే సొంత సినిమా విభాగం పెట్టుకుని కారు సంస్థ చేత బడి పిల్లలకు బొమ్మలు తీయించిన మనిషి, తన కార్లు చెరిపేసిన పల్లెటూరిని అక్కడ ఇళ్లతో సహా తెచ్చి నిలబెట్టాడు. 1929 అక్టోబరులో ఎడిసన్ ప్రయోగశాలను మళ్లీ కట్టి, ముసలి ఎడిసన్‌ను పిలిపించి, దేశాధ్యక్షుడు హూవర్ ముందు తొలి బల్బు వెలిగించడాన్ని ఆయన చేతే మళ్లీ ఆడించాడు. సూ నర్తకుల చేత ఆడించినవాడు చివరికి తన పాత్ర తనే వేశాడు. సంక్రాంతికి మనం హాలులో వేసే పల్లె సెట్టూ ఈ కోవలోదే. గడ్డి కప్పిన గుడిసె, థర్మోకోల్ ఎద్దులు, బావి, గాలిపటాలు. మన ఊళ్లలో ట్రాక్టరు ఎప్పుడొచ్చిందో వేసినవాళ్లందరికీ తెలుసు, సెట్టులో మాత్రం ట్రాక్టరు నేను చూళ్లేదు. ఆ గుడిసెలో ఎవరుండేవారో, బావి ఎవరిదో, ఎవరు తోడుకోకూడదో కూడా సెట్టులో ఉండదు. మనది మనమే కల్పించుకున్నాం గనుక ఫ్లాహర్టీ మీద వేసిన నేరం మన మీద పడదు. చెరిపేసిన గడియారం మాత్రం మన గోడ మీదా లేదు.

కల్పించడమే నేరమైతే జకరియాస్ కునుక్‌ను ఏమనాలి? ఇగ్లూలిక్‌కు చెందిన ఈ ఇన్యూట్ దర్శకుడు 1990ల నడుమ తీసిన పదమూడు భాగాల ‘నునావుత్’ ధారావాహికలో ఆ ఊరివాళ్లే తమ పెద్దల 1945 నాటి బతుకును నటించి చూపారు. వేషాలున్నాయి, కుదిర్చిన కుటుంబాలున్నాయి. పాదిరీ ఉన్నాడు, క్రిస్మస్ ఉంది. ఫ్లాహర్టీ తప్పించినవాటిని వీళ్లు తెచ్చి చట్రంలో పెట్టారు. కునుక్ ‘అటనార్జువాట్’ 2001లో కాన్‌లో కెమెరా డోర్ బహుమతి గెలిచింది. పాత కాలపు ఇతిహాసం అది. చివర పేర్లు పడుతున్నప్పుడు, మంచు మీద కెమెరా బండి తోస్తున్న ఈనాటి మనుషులు, పక్కన వేషాల్లో ఉన్న నటులు కనబడతారు.

చూడాలనుకునేవాళ్లు ‘నానూక్’తో మొదలుపెట్టవచ్చు, అమెరికాలో దాని హక్కుల గడువు తీరిపోయి చాలా కాలమైంది. వెంటనే క్లాద్ మాసో ఇనుక్‌జువాక్ వెళ్లి తీసిన ‘నానూక్ రీవిజిటెడ్’ చూడాలి, అక్కడివాళ్లు ఏ దృశ్యం ఎలా తీశారో చెప్పి నవ్వుతారు. మూడోది మర్కీజ్ లపాజ్ తీసిన ‘మార్తా ఆఫ్ ద నార్త్’. మార్తా అంటే మార్తా ఫ్లాహర్టీ, జోసెఫీ కూతురు, అయిదేళ్ల వయసులో ఆ ఓడ ఎక్కిన పిల్ల. ఐరన్ మౌంటెన్ వాడి మనవరాలి నోట ఆ కథ వినకుండా తాతగారి సినిమా మీద తీర్పు చెప్పడం తొందరపాటే.